‘ఆఫ్ మైస్ అండ్ మెన్’లో జార్జ్ తన స్నేహితుణ్ణి ఎందుకు కాల్చాడు?

జాన్ స్టైన్‌బెక్ 1937లో ప్రచురించిన ఈ నవలలో జార్జ్ లెనీని కాల్చింది కోపంతో కాదు, తుపాకులు పట్టుకుని వెతుకుతున్న, పొలం యజమాని కొడుకు కర్లీ బృందానికి అతను చిక్కకూడదనే.

కాలిఫోర్నియాలో సోలెడాడ్ దగ్గరి పొలాలకు కూలికి వచ్చిన ఈ ఇద్దరిలో లెనీది కొండంత బలం, పసివాడి బుద్ధి. మెత్తని జుట్టు నిమురుతుండగా కర్లీ భార్య కేకలు వేయడంతో బెదిరిపోయి, తెలియకుండానే ఆమె మెడ విరిచేశాడు. కడుపులో కాల్చి చంపుతానని కర్లీ బయలుదేరాడు. ప్రాణంతో పట్టుబడినా బోనులో కట్టిపడేస్తారని, అదీ మంచిది కాదని అదే పొలంలో పనిచేసే స్లిమ్ అన్నాడు. అందుకే జార్జ్ నది ఒడ్డున వారు కొనాలని కలగన్న సొంత పొలం గురించి, లెనీ పెంచబోయే కుందేళ్ల గురించి చెబుతూనే, అతనికి తెలియకుండా వెనుక నుంచి కాల్చాడు.

దీనికి పోలిక నవలలోనే ఉంది. అక్కడే పనిచేసే ముసలి క్యాండీ తన కుక్కను తోటి కూలి కార్ల్‌సన్‌ చేత చంపనిచ్చి, ఆ పని తానే చేయవలసిందని తర్వాత బాధపడతాడు. జార్జ్ వాడిన తుపాకీ కూడా కార్ల్‌సన్‌దే.

జార్జ్ భారం వదిలించుకున్నాడని చాలామంది పొరబడతారు. వారు కొనాలనుకున్న పొలం ధర 600 డాలర్లు. నెలాఖరుకు ఆ కలలో చేరిన క్యాండీ దగ్గర 350, వీరిద్దరి జీతం కలిపి మరో 100 చేరేవి, కాబట్టి కల అందేంత దూరంలోనే ఉంది. అయినా కర్లీ భార్య శవం కనబడగానే, లెనీ ఇంకా బతికి ఉండగానే, క్యాండీ ఆశగా అడిగినా జార్జ్ ఆ పొలం ఆలోచన వదిలేశాడు.