మెయిన్‌ఫ్రేమ్ లైసెన్స్ కీలకి ఎక్సెల్ షీట్ ఒక్కటి చాలదా?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "చెన్నై కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. అమెరికా క్లయింటు, జడ్/ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) సపోర్టు. మా సీనియర్ మానేస్తూ లైసెన్స్ కీల (ప్రోడక్టు నడవడానికి వెండర్ ఇచ్చే కోడ్‌ల) పని నాకు అప్పజెప్పి ఒక ఎక్సెల్ షీట్ ఇచ్చాడు. అది చాలదా? కీలు ఎక్కడ దాచుకోవాలి?"

చాలదు తమ్ముడూ. ఎక్కడ దాచాలన్నది అసలు పెద్ద విషయమే కాదు. ఆ కీ ఏ మిషన్‌కి ఇచ్చారు, ప్రోడక్టు దాన్ని ఎప్పుడు చెక్ చేస్తుంది, రెన్యువల్ మెయిల్ ఎవరికి పోతుంది, ఈ మూడూ ఆ షీట్‌లో ఉన్నాయేమో ముందు చూడు. సాధారణంగా ప్రోడక్టు పేరు, గడువు తేదీ తప్ప ఏమీ ఉండవు. ఆ రెండిటితో అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు చేయగలిగింది ఏమీ లేదు.

సీరియల్ నంబరు నుంచి మొదలుపెడదాం, తప్పులన్నీ అక్కడే పుడతాయి. కన్సోల్ మీద డి ఎం=సీపీయూ కమాండ్ ఇవ్వు. ప్రతి ప్రాసెసర్ పక్కన 0283713906 లాంటి పది స్థానాల నంబరు కనపడుతుంది. కొత్తవాళ్లు దాన్నే కాపీ చేసి వెండర్‌కి పంపేస్తారు. అది మిషన్ సీరియల్ కాదు. మొదటి రెండు ఎల్‌పార్ (ఒకే మిషన్‌ని విడగొట్టిన భాగం) ఐడీ, మధ్య నాలుగు మిషన్ సీరియల్‌లో చివరి నాలుగు, ఆఖరి నాలుగు మిషన్ టైపు. 3906 అంటే జడ్14, 8561 అంటే జడ్15, 3931 అంటే జడ్16. అసలు సీరియల్ కింద సీపీసీ ఎన్‌డీ అన్న లైను చివర్లో ఉంటుంది, ఈ ఉదాహరణలో 18371. దానికింద సీపీసీ ఎస్‌ఐ లైనులో టైపు పక్కన 712 లాంటిది కనపడుతుంది, అది కెపాసిటీ మోడల్. వెండర్‌కి టైపు, మోడల్, సీరియల్ మూడూ పంపాలి. ఆ కమాండ్ అవుట్‌పుట్ మొత్తం యథాతథంగా మెయిల్‌లో అతికించేస్తే ఇంకా మంచిది, నీ చేత్తో ఒక్క అంకె కూడా టైపు చేయొద్దు.

ఐబీఎం వాళ్ల జడ్/ఓఎస్‌లో డబ్బు కట్టి తెరిపించుకునే భాగాలకి సాధారణంగా ఇట్టాంటి కీలు ఉండవు. పార్మ్‌లిబ్‌లో (సిస్టమ్ సెట్టింగుల లైబ్రరీలో) ఐఎఫ్ఏపీఆర్‌డీ మెంబర్‌లో, అంటే ఆ లైబ్రరీలోని ఒక ఫైలులో, ఎనేబుల్డ్ అని రాసి, సెట్ ప్రాడ్ కమాండ్‌తో చదివిస్తే సరిపోతుంది. డి ప్రాడ్,స్టేట్ అని అడిగితే ఏవి తెరిచి ఉన్నాయో చెబుతుంది. అక్కడ లెక్కంతా వాడకం ఎంతో చూపిస్తూ నెలనెలా పంపే ఎస్‌సీఆర్‌టీ రిపోర్టుది, అది వేరే కథ. మనల్ని నిద్ర లేపేవి బయటి వెండర్ల ప్రోడక్టులు. బ్రాడ్‌కామ్ వాళ్లవి, అంటే పాత సీఏ ప్రోడక్టులు, చాలావరకు ఎల్‌ఎంపీ అనే రకం కీల మీద నడుస్తాయి. కీస్ అనే మెంబర్‌లో ఒక్కో ప్రోడక్టుకి ఒక్కో లైను: ప్రోడక్టు కోడ్, తేదీ, సీపీయూ, ఆ తర్వాత పదహారు అక్షరాల కోడ్. తేదీని రోజు, మూడక్షరాల నెల, రెండంకెల సంవత్సరంగా రాస్తారు. శాస్‌కి (డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్) కీ వేయడానికి సెట్‌ఇనిట్ జాబ్ ఉంటుంది. ఇంకొన్నిటికి కీ లోడ్ మాడ్యూల్‌లోనే, అంటే నడిచే ప్రోగ్రాము ఫైలులోనే, కూర్చుంటుంది. చాలావాటిలో ఒకటే సూత్రం: కీ ఫలానా సీపీయూకి కట్టేసి ఉంటుంది. మన ఇంటి మీటరు నంబరు మీద కట్టిన కరెంటు బిల్లు పక్కింటికి పనికిరాదు కదా, అంతే.

ఈ సూత్రం మరిచిపోతే డీఆర్ డ్రిల్ (అసలు సైటు పడిపోతే వేరే సైటు నుంచి నడపడానికి చేసే రిహార్సల్) రాత్రి ఎట్టా ఉంటుందో చూడు. డీఆర్ సైటులో వేరే మిషన్, వేరే సీరియల్. ఐపీఎల్ (సిస్టమ్‌ని బూట్ చేయడం) చక్కగా అవుతుంది. జాబ్‌లు నడిపే జెస్2 లేస్తుంది, నెట్‌వర్క్ చూసే వీట్యామ్ లేస్తుంది, డేటాబేస్ డీబీ2 లేస్తుంది. కాన్ఫరెన్స్ కాల్‌లో ఉన్నవాళ్లందరికీ ప్రాణం కుదుటపడుతుంది. అంతలో జాబ్‌లని వేళకి వదిలే బ్యాచ్ షెడ్యూలర్ 'ఈ సీపీయూకి కీ లేదు' అని ఒక మెసేజ్ పడేసి ఆగిపోతుంది. షెడ్యూలర్ లేకపోతే ఒక్క జాబ్ కూడా కదలదు. వెండర్‌కి ఫోన్ చేసి, తాత్కాలిక కీ తెచ్చుకుని, అక్కడే డీఆర్ సిస్టమ్‌లో లాగాన్ అయి కీస్ మెంబర్‌లో లైను కలుపుతారు. షెడ్యూలర్ లేస్తుంది, రిపోర్టులో 'సమస్య పరిష్కరించాం' అని రాసేస్తారు. అసలు తప్పు ఇక్కడే ఉంది. డ్రిల్ కోసం వాడిన ఆ డిస్కులు ఫ్లాష్‌కాపీ తీసినవి, అంటే తాత్కాలిక నకళ్లు. తెల్లారి డ్రిల్ ముగియగానే వాటిని వదిలేస్తారు, నువ్వు కలిపిన లైనూ వాటితోనే పోతుంది. ప్రొడక్షన్ మెంబర్‌లో అది ఎప్పుడూ లేదు. మిర్రరింగ్ (డిస్కుల్లో మార్పులు ఎప్పటికప్పుడు కాపీ కావడం) ప్రొడక్షన్ నుంచి డీఆర్ వైపే పోతుంది గానీ అటు నుంచి ఇటు రాదు. వచ్చే డ్రిల్‌లో అదే మెసేజ్, అదే ఫోను. కాబట్టి డీఆర్ మిషన్ లైన్లు ప్రొడక్షన్ కీస్ మెంబర్‌లోనే ముందుగా కూర్చుని ఉండాలి. ప్రొడక్షన్‌లో ఉన్నంతసేపు అవి ఎవరికీ అడ్డం రావు, డీఆర్‌కి మాత్రం మిర్రర్ మీద వాటంతట అవే చేరతాయి.

డీఆర్‌లోనే ఇంకో ముల్లు సీబీయూ, అంటే అత్యవసరానికి మిషన్ కెపాసిటీని తాత్కాలికంగా పెంచే ఏర్పాటు. మామూలు రోజుల్లో ఆ మిషన్ 701 మోడల్‌గా చిన్నగా ఉంటుంది, అవసరానికి సీబీయూ యాక్టివేట్ చేస్తే 712 అవుతుంది. సీరియల్ అదే, మోడల్ మారింది. మోడల్ కూడా సరిచూసే ప్రోడక్టులు అక్కడ మొండికేస్తాయి. వెండర్‌కి రాసేటప్పుడు "ఈ సీరియల్ మీద సీబీయూ ముందు మోడల్ ఇది, తర్వాత మోడల్ ఇది, రెండిటికీ కీ కావాలి" అని స్పష్టంగా అడగాలి. అడక్కపోతే వాళ్లకి తెలిసే దారి లేదు.

ఇక కీ ఎప్పుడు చెక్ అవుతుందన్న సంగతి. కొన్ని ప్రోడక్టులు రోజూ అర్ధరాత్రి దాటగానే చూసుకుంటాయి. కొన్ని స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారే చూసి ఊరుకుంటాయి. నన్నడిగితే ఈ రెండో రకమే ప్రమాదం. మార్చి 31కి గడువు అయిపోయినా ముందే మొదలై ఉన్న స్టార్టెడ్ టాస్క్ (వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రాము) హాయిగా నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. మే నెలలో ఒక ఆదివారం మెయింటెనెన్స్ వేసి ఐపీఎల్ చేస్తారు. అప్పుడు లేవదు. అందరి వేలూ ఆరోజు వేసిన పీటీఎఫ్‌ల (వెండర్ ఇచ్చే దిద్దుబాటు ప్యాచ్‌ల) మీదికే పోతుంది, వాటిని వెనక్కి తీసే పనిలో రాత్రంతా గడిచిపోతుంది. ఐపీఎల్ తర్వాత ఏదైనా ప్రోడక్టు లేవకపోతే దాని జాబ్‌లాగ్‌లో కీ మెసేజ్ ఉందేమో అన్నిటికంటే ముందు చూడాలి.

హెచ్చరిక మెసేజ్‌లు రావా అంటే, వస్తాయి. శాస్ లాంటివి గడువుకి చాలా ముందే లాగ్‌లో చెప్పడం మొదలుపెడతాయి. కానీ రోజూ వచ్చే మెసేజ్ ఆపరేటర్లకి చిరాకు. ఎవరో ఒకరు ఎంపీఎఫ్ లిస్టులో (కన్సోల్ మీద ఏ మెసేజ్‌లు చూపకూడదో చెప్పే జాబితా) దాన్ని సప్రెస్ చేసి ఉంటారు. కన్సోల్ శుభ్రంగా కనపడుతుంది, మెసేజ్ మాత్రం సిస్‌లాగ్‌లో (సిస్టమ్ లాగ్‌లో) దిక్కులేకుండా పడి ఉంటుంది. ఆ లిస్టు ఉండే ఎంపీఎఫ్‌ఎల్‌ఎస్‌టీ మెంబర్ తెరిచి కీలకి సంబంధించిన మెసేజ్ ఐడీలు అక్కడ ఉన్నాయేమో ఈ వారంలోనే చూడు.

మనుషుల జ్ఞాపకం మీద, క్యాలెండర్ రిమైండర్ల మీద ఆధారపడకుండా ఒక చిన్న రెక్స్ (మెయిన్‌ఫ్రేమ్ స్క్రిప్టు భాష) ప్రోగ్రాము రాసుకో. కీస్ మెంబర్‌ని లైను లైనుగా చదివి తేదీ ముక్క తీసుకోవాలి. రోజు, నెల, నాలుగంకెల సంవత్సరంగా మధ్యలో ఖాళీలు పెట్టి డేట్ ఫంక్షన్‌తో బేస్ డేట్‌లోకి (రోజుల లెక్కలోకి) మార్చి, ఇవాళ్టి బేస్ డేట్ తీసేస్తే మిగిలిన రోజులు వస్తాయి. 90 లోపు ఉంటే రిటర్న్ కోడ్ 4, 30 లోపు ఉంటే 8. దాన్ని షెడ్యూలర్‌లో రోజూ నడిపించి, 8 వస్తే టికెట్ తెరిచేట్టు కట్టు. లోడ్ మాడ్యూల్‌లో దాక్కున్న కీలని రెక్స్ చదవలేదు కాబట్టి వాటి తేదీలని అదే తీరులో వేరే మెంబర్‌లో నువ్వే రాసిపెట్టుకోవాలి. ఎక్సెల్ షీట్‌ని ఎవరైనా తెరిస్తేనే చెబుతుంది, ఈ జాబ్ ఎవరూ అడక్కపోయినా చెబుతుంది.

కీ వేసే విధానం కష్టమేం కాదు గానీ చిన్న చిన్న చోట్ల కాలు జారుతుంది. కీని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టే అలవాటు మన టీముల్లో బాగా పెరిగింది, దయచేసి మానుకోండి. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ ఫొటోలో తేడా తెలియదు. వెండర్ మెయిల్ నుంచి నేరుగా కాపీ చేసి ఐఎస్‌పీఎఫ్ ఎడిట్‌లో (మెయిన్‌ఫ్రేమ్ ఎడిటర్‌లో) అతికించాలి. అంతకుముందే క్యాప్స్ ఆన్, నంబర్ ఆఫ్ చేసుకో. లేకపోతే 73 నుంచి 80 కాలమ్‌లలో వరుస నంబర్లు చేరి లైను చెడుతుంది. మెయిల్ ప్రోగ్రాములు మామూలు హైఫన్‌ని పొడుగు డ్యాష్‌గా మార్చేస్తుంటాయి, దాన్నొకసారి చెరిపి చేత్తో కొట్టు. టెక్స్ట్ ఫైలుగా వస్తే ఆస్కీ మోడ్‌లో, వెండర్ ప్యాక్ చేసి పంపిన ఫైలైతే బైనరీలో ఎఫ్‌టీపీ చేయాలి. తారుమారైతే కీ చెల్లదని చెబుతుంది గానీ ఎందుకు చెల్లదో చెప్పదు.

పాత మెంబర్‌ని తేదీతో ఉన్న పేరుతో కాపీ తీసి పెట్టుకున్నాకే కొత్త లైను వేయాలి. ఎల్‌ఎంపీ అయితే ఆ కీలని చదివే సీఏఎస్9 ప్రొసీజర్‌ని మళ్లీ స్టార్ట్ చేస్తే చాలు, ఐపీఎల్ అక్కర్లేదు. కీ లోడ్ లైబ్రరీలో ఉండి ఆ లైబ్రరీ లింక్‌లిస్టులో (సిస్టమ్ ప్రోగ్రాములు వెతికే లైబ్రరీల జాబితాలో) ఉంటే ఎఫ్ ఎల్‌ఎల్‌ఏ,రిఫ్రెష్ కమాండ్ ఇవ్వడం మరిచిపోవద్దు. ఇవ్వకపోతే సిస్టమ్ ఇంకా పాత మాడ్యూల్ జాడనే పట్టుకుని ఉంటుంది, కొత్త కీ పనిచేయడం లేదని వెండర్‌తో గొడవ పెట్టుకోవాల్సి వస్తుంది. ఆ లైబ్రరీ కొత్త ఎక్స్‌టెంట్‌లోకి (డిస్కు మీద ఇంకో ముక్కలోకి) పెరిగితే ఎస్106 అబెండ్, అంటే ప్రోగ్రాము కూలిపోవడం, కూడా రావచ్చు, కాబట్టి ముందే ఖాళీ చూసుకో. ముందు శాండ్‌బాక్స్ (ప్రయోగాలకి పెట్టుకున్న) ఎల్‌పార్‌లో వేసి, ప్రోడక్టుని ఒకసారి ఆపి లేపి చూశాకే ప్రొడక్షన్‌కి పో. ఆ డేటాసెట్‌కి రాక్‌ఎఫ్‌లో (ఎవరికి ఏ హక్కులో చూసే సెక్యూరిటీ ప్రోడక్టు) అప్‌డేట్ హక్కు సిస్టమ్ ప్రోగ్రామర్ల గ్రూపుకి మాత్రమే ఉంచి, ఆడిట్ పెట్టించు.

ఇక నాకు బాగా మంట పుట్టించే విషయం. కీల గడువులు ఎప్పుడూ డిసెంబరు 31, మార్చి 31. సరిగ్గా ఆ రోజుల్లోనే ఛేంజ్ ఫ్రీజ్, అంటే మార్పులు చేయకూడదని నిషేధం. ప్రొడక్షన్ సిస్టమ్‌లో చుక్క కూడా మార్చకూడదంటారు, కీ మాత్రం ఆ రాత్రే చచ్చిపోతుంది. కాంట్రాక్టు తేదీ, కీ తేదీ ఒకటే కావాలని రూలేం లేదు. కాంట్రాక్టు అయ్యాక 30 నుంచి 45 రోజుల వెసులుబాటుతో నెల మధ్యలో పడేట్టు కీ ఇమ్మని రెన్యువల్ సంతకం పెట్టకముందే అడగాలి, సంతకం అయ్యాక ఎవరూ మాట వినరు. మన నెల్లూరు, ప్రకాశం పక్కనుంచి ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లకి ఇంకో సంగతుంది. నవంబరు, డిసెంబరులో వాయుగుండం తీరానికి వస్తే కరెంటూ, ఫైబరూ రెండూ పోతాయి. ఆ రెండు నెలల్లో గడువున్న కీలన్నీ దసరా లోపే వేసేసి చేతులు దులుపుకోవడం మేలు.

రెన్యువల్ మెయిల్ కొనుగోళ్ల విభాగంలో ఎప్పుడో మానేసిన మనిషి పేరు మీద పోతుంటుంది. వెండర్ పోర్టల్‌లో కాంటాక్టుగా ఒక గ్రూప్ మెయిల్ పెట్టించు. డబ్బు కట్టే పని వాళ్లదే గానీ కీ తెచ్చే బాధ్యత సిస్టమ్ ప్రోగ్రామర్‌దే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

టైమ్ జోన్ కూడా లెక్కేసుకో. క్లయింటు సిస్టమ్ న్యూయార్క్ సమయం మీద ఉంటే అక్కడి అర్ధరాత్రి అంటే మనకి వేసవిలో ఉదయం 9:30, చలికాలంలో 10:30. కొన్ని ప్రోడక్టులు లోకల్ టైమ్ కాకుండా జీఎంటీ చూస్తాయి, అవి ఇంకా ముందే ఆగిపోతాయి. అందుకే గడువు రోజు దాకా లాగకూడదు.

ఇంత చేసినా ఒకరోజు కీ చచ్చిపోయిందనుకో. వెండర్ 24 గంటల సపోర్టుకి ఫోన్ చేసేముందు సైట్ ఐడీ, కాంట్రాక్టు నంబరు, ప్రోడక్టు రిలీజు, డి ఎం=సీపీయూ అవుట్‌పుట్ ఎదురుగా పెట్టుకో. ఫోన్‌లో చెప్పే కీ రాసుకోవద్దు, బి, డి, పి అక్షరాలు ఒకేలా వినపడతాయి, మెయిల్ చేయమను. సిస్టమ్ గడియారాన్ని వెనక్కి తిప్పితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే ఖచ్చితంగా కాదను. సిస్‌ప్లెక్స్‌లో (కలిసి పనిచేసే సిస్టమ్‌ల గుంపులో) సిస్టమ్‌లన్నీ ఒకే సమయం మీద నడవాలి, డీబీ2 లాగ్‌లు, బ్యాచ్ తేదీలు అన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. ఒక ప్రోడక్టు లేపబోయి డేటా పాడుచేసుకుంటారు.

చివరగా మిషన్ మార్పు. జడ్14 నుంచి జడ్15కి అప్‌గ్రేడ్ చేసేటప్పుడు సీరియల్ పాతదే ఉంచుతారు. సీరియల్ మారలేదు కదా అని ధీమాగా ఉంటే టైపు 3906 నుంచి 8561 అయ్యేసరికి టైపు చూసే కీలు చెల్లవు. అప్‌గ్రేడ్ తేదీ ఖరారు కాగానే కొత్త టైపుతో కీలు తెప్పించి పాత లైన్ల పక్కనే వేసి ఉంచు. పాత మిషన్‌కి తిరిగి పోయే అవకాశం పూర్తిగా ముగిశాక పాత లైన్లు తీసేసి, ఆ మిషన్ ఇక మా దగ్గర లేదని వెండర్‌కి మెయిల్ రాసి జవాబు తెప్పించుకో. లేకపోతే వచ్చే ఏడు రెన్యువల్ బిల్లులో దానికి కూడా డబ్బు అడగొచ్చు.