సైటు బాధ్యత తీసుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హైదరాబాదులో ఐదంతస్తుల అపార్టుమెంటు పనికి సూపర్‌వైజరుగా చేరావని అక్కయ్య చెప్పింది. హెల్మెట్లు, బూట్ల సంగతి కంపెనీవారే చెబుతారు కనుక, వారు చెప్పడం మరచిపోయేవే రాస్తున్నాను.

సెల్లారు తవ్వకం నడుస్తోందన్నావు. మొరం నేల నిటారుగా నిలబడితే చాలు, గట్టి నేల అని మేస్త్రీలు భరోసా ఇస్తారు. ఆ మాట నమ్మకు. ఘనమీటరు మట్టి టన్నున్నర పైచిలుకు తూగుతుంది కాబట్టి, నడుము దాకా కూరుకుపోయిన మనిషినైనా చేతులు పట్టి లాగి బయటికి తీయలేము. ఒకటిన్నర మీటరు లోతు దాటితే అంచులకు వాలు ఇవ్వాలి, స్థలం చాలకపోతే పలకలూ బాదులూ పెట్టి దన్ను కట్టించాలి. తవ్విన మట్టిని గానీ, కంకర టిప్పరును గానీ అంచుకు చేరనివ్వకూడదు. వాన కురిసిన మర్నాడు కూలీలు దిగకముందే నీవే అంచు వెంబడి ఒక చుట్టు తిరుగు, నెర్రె వెంట్రుక మందాన కనిపించినా ఎవరినీ దించకు. పక్క స్థలం ప్రహరీగోడ నీడన గుడిసెలు వేసుకోనివ్వకు, మన తవ్వకంతోనే ఆ గోడ పునాదికి పట్టు తప్పి ఉంటుంది.

నా చేతుల మీద జరిగిన ఒక తప్పు చెబుతాను. మూడో అంతస్తు స్లాబులో పైపులు దిగే డక్టు కోసం వదిలిన ఖాళీని ప్లైవుడ్డు పలకతో కప్పించి, మేకులు కొట్టించకుండా ఊరుకున్నాను. సెంట్రింగు పనివాడొకడు పలక ఖాళీగా పడి ఉందనుకుని, రెండు చేతులా ఎత్తి ఎదురుగా పట్టుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. పలక అడ్డుండటంతో కాళ్ల కింద ఏముందో అతనికి కనబడలేదు. ప్రాణం దక్కింది గానీ నడుము మళ్లీ నిలవలేదు. అందుకే మూతకు అడుగున దిమ్మలు బిగించి, పక్కకు జరగకుండా మేకులు కొట్టించి, పైన ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేయించు. ఒడిశా, బీహారు నుంచి వచ్చినవారు తెలుగు అక్షరాలు చదవలేరు.

కరెంటు విషయంలో ప్లగ్గు లేకుండా తీగలను అగ్గిపుల్లలతో సాకెట్టులో బిగించే అలవాటును మొదటిరోజే మాన్పించు. కాంక్రీటును కుదించే వైబ్రేటరు, నీళ్ల మోటారు నడిచే బోర్డుకు, కరెంటు లీకైతే సరఫరాను తానే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించి, దాని టెస్టు బటను అప్పుడప్పుడు నీవే నొక్కి చూడు. వేసవిలో స్లాబు పని తెల్లవారుజామునే మొదలుపెట్టించు. తడి సిమెంటు బూటులోకి దిగితే చర్మం పుండు పడుతుంది, వెంటనే నీళ్లతో బాగా కడిగించాలి.

ఏడాదిలో 90 రోజులు పనిచేసిన 18 నుంచి 60 ఏళ్లలోపు కార్మికులు ప్రభుత్వ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. ఆ రోజుల ధ్రువపత్రం అడిగితే సంతకానికి తిప్పుకోకు. ఇందుకోసమే నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా కడుతున్నాము.

ముహూర్తం దాటిపోతోందని యజమాని తొందరపెట్టిన రోజున పని ఆపడం నీకు కష్టంగానే ఉంటుంది. ఆపవలసిన కారణాన్ని సైటు పుస్తకంలో తేదీ, వేళతో రాసి అతనితోనే సంతకం పెట్టించు, గొంతు తగ్గుతుంది. పండుగకు అక్కయ్య ఇంటికి వస్తున్నాను, ఒక పూట నన్ను సైటుకు తీసుకెళ్లు. ఆ డక్టు మూతలు నేనొకసారి తొక్కి చూడాలి.

మీ మామయ్య