క్లౌడ్ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మేడమ్, ఈ ఏడాదే బీటెక్ సీఎస్ఈ పూర్తిచేశాను. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు క్లౌడ్ సర్టిఫికేషన్లు చేయిస్తాం, జాబ్ గ్యారంటీ అంటూ 60 వేలు అడుగుతున్నారు. నాన్న అప్పు చేసైనా కడతానంటున్నారు. నేను సొంతంగా చేసిందంటూ ఉంటే కాలేజీ ప్రాజెక్టు, హాస్టల్ మెస్ లెక్కల యాప్ ఒక్కటే. చేరమంటారా?
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ముందు నాన్నగారిని అప్పు చేయొద్దనండి. ఇంటర్నెట్ మీద సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్ సేవే ఏడబ్ల్యూఎస్. అందులో మొదటి మెట్టు క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్ష ఫీజు 100 డాలర్లు, దాని పైమెట్టు సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్‌కి 150, అంటే ఒక్క అసోసియేట్‌కే పన్నుతో కలిపి 15, 16 వేలు. పాఠాలు ఏడబ్ల్యూఎస్ వాళ్ల శిక్షణ సైట్ స్కిల్ బిల్డర్‌లోనే చాలావరకు ఉచితం. ఆ గ్యారంటీ మాట రసీదు మీద రాసిమ్మని అడిగి చూడండి, ఏమంటారో.

సర్టిఫికెట్ దండగ అనను. ఏడబ్ల్యూఎస్ పార్ట్‌నర్‌గా ఉండే కంపెనీలు తమ దగ్గర ఇంతమంది సర్టిఫైడ్ ఉద్యోగులున్నారని చూపించాలి, కాబట్టి అలాంటిచోట మీ రెజ్యూమె మీద ఒక చూపు ఎక్కువ పడొచ్చు. అంతవరకే. ప్రాక్టీషనర్ అంటే 90 నిమిషాల్లో 65 ప్రశ్నలు, అన్నీ ఆప్షన్లు ఎంచుకునేవే, సర్వర్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోకుండా పాసైపోవచ్చని ఇంటర్వ్యూ చేసేవాళ్లకీ తెలుసు.

నేను ప్యానెల్‌లో కూర్చున్న ఒక రోజు మూడు సర్టిఫికెట్లున్న అబ్బాయిని, సర్వర్ నడుస్తోంది కానీ బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోవట్లేదు, ముందు ఎక్కడ చూస్తావని అడిగాం. సర్వర్‌లోకి ఏది రావచ్చో తేల్చే నియమాలైన సెక్యూరిటీ గ్రూప్ నిర్వచనం గడగడా అప్పజెప్పాడు గానీ వెబ్ పేజీలకి దారైన 80 పోర్టు తెరిచి ఉందో లేదో చూస్తానన్న మాట మాత్రం రాలేదు, పాపం చెమటలు పట్టేశాయి. అదే రోజు వచ్చిన ఇంకో అమ్మాయికి ఉన్నది ఒక్కటే సర్టిఫికెట్. ప్రాక్టీస్ కోసం నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌కి వెళ్లే దారి) పెట్టి తీసేయడం మర్చిపోయిందట, వాడకపోయినా దానికి గంటల లెక్కన బిల్లు పడుతుంది, అది చూసి హడలిపోయి ఖర్చు హద్దు దాటితే హెచ్చరించే బడ్జెట్ అలర్ట్ ఎలా పెట్టుకుందో పూసగుచ్చినట్టు చెప్పింది. మేం తీసుకున్నది ఆ అమ్మాయినే.

ఇంకోమాట, క్లౌడ్ ఇంజినీర్ పోస్టులకి ఎక్కువగా రెండు మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఫ్రెషర్లు సపోర్ట్‌లోనో జావాలోనో చేరి అటు మళ్లడమే ఎక్కువ. అందుకే లైనక్స్ కమాండ్లు, నెట్‌వర్కింగ్ బేసిక్స్, ఎస్‌క్యూఎల్ ముందు గట్టిగా పట్టుకోండి, తర్వాత అసోసియేట్ ఒక్కటి రాయండి, మూడేళ్లు చెల్లుతుంది. డంప్స్, అంటే బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నల జోలికి మాత్రం వెళ్లొద్దు.

మీ మెస్ యాప్ ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండి ఉంటుంది కదా. కొత్త ఖాతాకి ఏడబ్ల్యూఎస్ ఇచ్చే క్రెడిట్ వాడి దాన్ని ఈ వారమే సర్వర్ ఎక్కించండి, డేటాబేస్ విడిగా పెట్టండి, హాస్టల్లో ఇంకా ఉన్న జూనియర్లకి లింక్ పంపి వాడమనండి. ఎక్కడ ఆగిపోయిందో, ఎలా సరిచేశారో ఒక నోట్‌బుక్‌లో రాసుకుని ఇంటర్వ్యూకి ముందురోజు చదువుకోండి.