దిండు పక్కన వేప్, ముక్కుపుటాల్లో సుగంధి

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే వస్తువును గురించి ఉన్నందువల్ల వాటిని ఒకచోట చేర్చి జవాబులు వ్రాస్తున్నాను. ఆ వస్తువు వేప్, అంటే నికోటిన్ కలిపిన ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే పరికరం. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడినే తప్ప వైద్యుడిని కాను. అందుచేత తీగలు, సెల్లుల దగ్గర కొంచెం ధైర్యంగానూ, ఊపిరితిత్తుల దగ్గర ఆచితూచీ మాట్లాడతాను.

ప్రశ్న: మాది కావలి. మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఇక్కడ వేప్ చట్టబద్ధమే. పడుకోబోయే ముందు దానిని ల్యాప్‌టాప్‌తో వచ్చిన 65 వాట్ల చార్జర్‌కు తగిలించి, దిండు పక్కన పెట్టి నిద్రపోవడం నాకు అలవాటు. మొన్న తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే అది చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. చార్జర్ పెద్దది కావడమే కారణమంటారా? — పేరు వద్దన్న విద్యార్థి

జవాబు: అందరి అనుమానమూ ముందు చార్జర్ మీదికే పోతుంది. మిద్దె మీద ట్యాంకు ఎంత పెద్దదైనా కింద చెంబులోకి వచ్చేది కుళాయి తిప్పినంత మేరకే కదా. అలాగే 65 వాట్లు అనేది ఆ చార్జర్ ఇవ్వగలిగిన గరిష్ఠ పరిమితి మాత్రమే. ఎంత తీసుకోవాలో నిర్ణయించేది పరికరంలోని చిన్న చిప్. సక్రమంగా తయారైన టైప్-సి చార్జర్, అవతలి పరికరం ఫలానా వోల్టేజీ కావాలని అడిగితే తప్ప, 5 వోల్టులు దాటి ఇవ్వదు. కనుక చార్జర్‌ను వదిలిపెట్టి మనం ఆ చిప్‌ను, దాని కింద ఉన్న సెల్లును, అంతకంటే ముఖ్యంగా మీ దిండును అనుమానించాలి.

లిథియం అయాన్ సెల్లు 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. మంచి చిప్ మొదట నిలకడగా కరెంటు పంపి, ఆ అంకెకు చేరగానే అక్కడే నిలబెట్టి, కరెంటును క్రమంగా తగ్గిస్తూ పోయి చివరకు ఆపేస్తుంది. నాసిరకం పరికరాలలో ఈ ఆపే పని నమ్మకంగా జరగదు. హద్దు దాటి నెట్టిన కొద్దీ సెల్లు లోపల అక్కరలేని రసాయన చర్యలు మొదలై వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే ఏమవుతుందో మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు: తడి ఆరకుండా వామి వేసిన గడ్డి లోలోపలే ఉడికి, ఆ ఉడుకే మరింత ఉడుకును పుట్టించి, పై గడ్డి చల్లగా కనిపిస్తుండగానే ఒకనాడు అంటుకుంటుంది. సెల్లులోనూ జరిగేది అదే. రెండు ధ్రువాలనూ వేరుచేసే పలుచని ప్లాస్టిక్ పొర 130 డిగ్రీల ప్రాంతంలో కరగడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి దానిని ఆపడం మన చేతుల్లో ఉండదు. దూది దిండు, రజాయి, పరుపు చేసే పనల్లా ఆ వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచడమే.

ఒకసారి అంత వేడెక్కిన పరికరాన్ని మళ్ళీ చార్జింగ్‌కు పెట్టవద్దు. బ్రిటన్‌లో వేప్‌లు అమ్మే దుకాణాలు పాతవాటిని వెనక్కు తీసుకోవాలన్న నిబంధన ఉంది కాబట్టి అక్కడే ఇచ్చివేయండి. ఇకముందు ఏ పరికరాన్నైనా మెలకువగా ఉన్నప్పుడు, కంటికి ఎదురుగా, గచ్చు మీదనో వంటింటి బండ మీదనో పెట్టి చార్జ్ చేసుకుని, నిండగానే తీసివేయండి. గోరువెచ్చదనం సహజమే. అరచేతిలో పట్టుకుని పది లెక్కపెట్టలేకపోతే మాత్రం సహజం కాదు.

సెలవులకు వచ్చేటప్పుడు మీరు వేప్‌ను ఇక్కడికి తేకూడదు, కారణం మూడో జవాబులో ఉంది. కానీ మీ ఫోను, పవర్ బ్యాంకు వస్తాయి, వాటిలోనిదీ ఇదే జాతి సెల్లు. ఈ సెల్లులను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి చార్జ్ చేయడమంటే ఆ హద్దును ముందే దాటి మొదలుపెట్టడం.

ప్రశ్న: నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర మాకు చిన్న సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. టార్చిలైట్లలో వేసే పెద్ద సెల్లులు పై పొర చిరిగిపోయి వస్తున్నాయి, కొందరు అవి వేప్‌లోవని మెల్లగా చెబుతారు. ఇన్సులేషన్ టేపు చుట్టి ఇవ్వమంటారు. ఇవ్వవచ్చునా సార్? — దుకాణదారు

జవాబు: ఇవ్వవద్దు. మీ చేతికి వస్తున్నది 18650 అనే సెల్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరులోనే కొలత ఉంది. దానిని ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి. పైన చిన్న బొత్తాంలాంటిదే ధన ధ్రువం. అడుగుతో పాటు చుట్టూ ఉన్న ఉక్కు గొట్టమంతా, బొత్తాం పక్కనే ఉన్న భుజంతో సహా, రుణ ధ్రువమే. ఆ రెండింటి మధ్య ఉన్నది ఒక మిల్లీమీటరో రెండో, దాని మీద ఒక కాగితపు వలయం, ఆపైన పలుచని రంగు తొడుగు. ఆ భుజం దగ్గర తొడుగు చిరిగితే, ఒక తాళంచెవి అడ్డం పడటమే చాలు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. ఒకసారి ఆత్మకూరు బస్టాండులో బస్సు కోసం నిలబడి, టార్చిలైటు సెల్లును స్కూటరు తాళాలతో పాటు చొక్కా జేబులో వేసుకున్నాను. కాసేపటికి ఛాతీ మీద ఇస్త్రీపెట్టె ఆనించినట్లయింది. జేబు గుడ్డతో సహా పట్టుకుని లాగి కింద పడేశాను. తాళంచెవి మీద నల్లటి మచ్చ పడింది, చొక్కా జేబుకు చిల్లు పడింది, పక్కనున్న పెద్దాయన మాత్రం నా జేబులో బీడీ ఆరకుండా ఉండిపోయిందనే చివరిదాకా నమ్మాడు. ఇరవయ్యేళ్ళు ఓమ్ సూత్రం చెప్పినవాడికి జరిగిన మర్యాద అది.

ఇన్సులేషన్ టేపు జిగురు వేడికి మెత్తబడి జారుతుంది. పైగా టేపు మందం వల్ల సెల్లు గూటిలో బిగిసి, తీసేటప్పుడు మళ్ళీ చిరుగుతుంది. వేడిగాలికి ముడుచుకుని అతుక్కునే పీవీసీ తొడుగులు, పైన పెట్టే కాగితపు వలయాలు ఈ కొలతకే దొరుకుతాయి. రెండూ మార్చి ఇస్తే అది మరమ్మతు. సెల్లుకు సొట్ట పడి ఉన్నా, చెమ్మ ఊరుతున్నా తొడుగు మార్చి కూడా ఇవ్వకండి, ఖాతాదారుకు కోపం వచ్చినా సరే. తొడుగు మీద 9,900 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) అని అచ్చు వేసి ఉంటే అది పచ్చి అబద్ధం. ఈ కొలత సెల్లులో పేరున్న తయారీదారులు ఇచ్చేది 3,500 ప్రాంతమే. అంకెలో అబద్ధమాడినవాడు లోపలి పొరలో నిజాయితీగా ఉంటాడని ఆశించలేము.

పనికిరాని సెల్లుల రెండు కొసలకూ టేపు వేసి (టేపుకు తగిన పని ఇదే) ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి, మున్సిపాలిటీ చెత్తబండిలో వేయవద్దు. ఎప్పుడైనా బల్ల మీద సెల్లు బుసకొట్టడం వినిపిస్తే ముందు మనుషులు బయటికి రావాలి, ఆ పొగ విషం. చిన్న సెల్లు మంటకు నీళ్ళు ధారాళంగా పోయవచ్చు. లిథియం మీద నీళ్ళు పోయరాదన్న మాట లోహరూపంలోని లిథియానికి చెందినది.

ప్రశ్న: ఇది మన దేశంలో నేరమా కాదా? ఒకరు వాడుకోవచ్చు అంటారు, ఒకరు జైలు అంటారు. — ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో చట్టమైన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధం ప్రకారం తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి అయితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మళ్ళీ చేస్తే మూడేళ్ళ వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. నిల్వకు ఆరు నెలలు, యాభై వేలు. పీల్చడాన్ని ఆ జాబితాలో విడిగా చేర్చలేదు, వాడుకోవచ్చు అనే వాదన పుట్టింది అక్కడే. కొనడానికి ఒకడు అమ్మాలి, తేవడానికి సరిహద్దు దాటాలి, ఆ రెండూ నేరమైనప్పుడు ఈ వాదన ఎంత దూరం నిలుస్తుందో మీరే ఆలోచించండి. విడిభాగాలకు కూడా నిషేధం వర్తిస్తుంది. పొగాకు పండించే జిల్లాలో సిగరెట్టు ప్రతి బడ్డీకొట్టులో దొరుకుతుండగా దీనినొక్కదానినే నిషేధించడమేమిటని మీరు ఉత్తరం చివర అడిగారు. అడగదగిన ప్రశ్నే గాని అది పార్లమెంటు సభ్యులకు వ్రాయవలసినది.

ప్రశ్న: మా తమ్ముడు గల్ఫ్ నుంచి వచ్చాడు. వాడి సంచిలో మామిడిపండు బొమ్మ ఉన్న చిన్న వేప్ ద్రవం సీసా కనిపించింది. మా పాపకు మూడేళ్ళు, ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. నాకు భయంగా ఉంది. — ఒక తల్లి, కనిగిరి

జవాబు: మీ భయం సబబైనదే అమ్మా. ఆ సీసాలోని నికోటిన్ పెద్దవారు పీల్చే మోతాదుకు పలుచన చేసినదైనా, పసిపిల్ల మింగితే కొద్దిపాటి ద్రవమే ప్రాణం మీదికి తెస్తుంది. వాంతులు, ముఖం పాలిపోవడం, చొంగ కారడం, మూర్ఛ దాని లక్షణాలు. మింగిందని అనుమానం కలిగితే బలవంతంగా కక్కించే ప్రయత్నం చేయకుండా, 108కి ఫోను చేసి, సీసాను కూడా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. చర్మం మీద ఒలికినా సబ్బునీళ్ళతో వెంటనే కడగాలి. చర్మం నుంచి ఏమి ఎక్కుతుందని మీ తమ్ముడు నవ్వితే, తెల్లవారుజామున మంచులో తడిసిన పొగాకు కోసిన కూలీలను అడగమనండి. తల తిరిగి, కడుపులో తిప్పి గట్టు మీద కూర్చుండిపోవడం వారికి తెలుసు, తడి ఆకు నుంచి చర్మంలోకి ఎక్కిన నికోటిన్ వల్ల వచ్చే జబ్బే అది. ఆయనకు మానుకోవాలని ఉంటే 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. అంతవరకు ఆ సీసా బీరువాలో తాళం వేసి ఉండాలి. అటక మీద పెట్టాను, అందదులే అన్న మాట ఒప్పుకోకండి.

ప్రశ్న: నాది టంగుటూరు దగ్గర పల్లె. ఉద్యోగం దుబాయిలో. చిన్నప్పుడు రాత్రిళ్ళు నాన్నతో కలిసి పొగాకు బ్యారన్ (ఆకును వేడిపెట్టి మగ్గబెట్టే కొట్టం) దగ్గర నులకమంచం మీద పడుకునేవాణ్ణి. పొయ్యి బూడిదలో చిలగడదుంప కాల్చి పెట్టేవాడు. ఆ వాసన కోసం పొగాకు రుచి అని వ్రాసి ఉన్న వేప్ ద్రవం కొన్నాను, ఏమీ గుర్తుకు రాలేదు. తరువాత వనిలాది పీలిస్తే ఉన్నట్టుండి ఒంగోలు బస్టాండు దగ్గర తాగిన సుగంధి షర్బతు గుర్తుకు వచ్చి కళ్ళు చెమర్చాయి. ఇదేమి విచిత్రం? — ఒక ప్రవాసి

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. విచిత్రం కాదు, మీ ముక్కు చాలా ఖచ్చితంగా పనిచేస్తున్నది. వనిలాకు ఆ వాసన ఇచ్చేది వనిలిన్ అనే పదార్థం. మనం షర్బతుకు మరిగించే సుగంధిపాల వేరులోని ముఖ్యమైన సువాసన పదార్థం వనిలిన్‌కు తోబుట్టువు: రెండింటిలోనూ అవే పరమాణువులు, అంతే సంఖ్యలో ఉంటాయి, అవి అతుక్కున్న చోట్లు మాత్రమే మారుతాయి. ద్రవం తయారుచేసినవాడికి సుగంధి అంటే ఏమిటో తెలియదు గాని, మీకు అతడు అమ్మినది దాని అక్కచెల్లెలిని.

కళ్ళు చెమర్చడానికి కారణం మరొకటి. చూపు, వినికిడి మెదడులో ఒక మజిలీ దగ్గర ఆగి, అక్కడి నుంచి పైకి చేరతాయి. వాసన ఆ మజిలీలో ఆగకుండా, భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ నెలవైన భాగాలకు దగ్గరి దారిలో పోతుంది. అందుకే అది ఏ వాసనో పేరు తట్టకముందే మనసు కదిలిపోతుంది.

పొగాకు ద్రవం మీకు బ్యారన్‌ను చూపించలేకపోవడానికి కారణం కూడా మీ ఉత్తరంలోనే ఉంది. కర్రలకు అల్లి వరుసలుగా వేలాడదీసిన పచ్చి ఆకును సుమారు 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 70 దాకా, అయిదారు రోజులపాటు మెల్లగా వేడి పెంచుతూ మగ్గబెడతారు. ఆ రోజులలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పచ్చదనం విరిగి పసుపు తేలుతుంది, వందల కొద్దీ సువాసన పదార్థాలు పుడతాయి. దానికి కట్టెల పొగ, మట్టిగోడ వేడి, మీ నాన్నగారి దుప్పటి, కాలిన చిలగడదుంప తొక్క కలిశాయి. సీసాలో ఉన్నవి గుప్పెడు పదార్థాలు, వాటిలో చిలగడదుంప లేదు.

ఒక్క మాట మాత్రం వైద్యుల తరఫున చెప్పాలి. తినడానికి అనుమతి ఉన్న సువాసన పదార్థం పీల్చడానికి కూడా పనికివస్తుందని అనుకోరాదు. వెన్న వాసననిచ్చే డైఎసిటైల్ తిండిలో ఏళ్ళ తరబడి వాడినదే, కానీ అమెరికాలో పాప్‌కార్న్ కర్మాగారాలలో దాని ఆవిరిని పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తులలోని సన్నని గొట్టాలు మూసుకుపోయాయి. సుగంధి కావాలనిపిస్తే దానిని గ్లాసులోనే తెచ్చుకోవచ్చు. ఎండిన వేరు కట్ట ఒంగోలులో ఏ ఆయుర్వేద మూలికల దుకాణంలోనైనా దొరుకుతుంది, దుబాయికి పంపినా పాడవదు. నీళ్ళలో మరిగించి, చక్కెర పాకం పట్టి, చల్లారాక నిమ్మకాయ పిండి, నానబెట్టిన సబ్జాలు వేసుకోండి. బ్యారన్ వాసన మాత్రం పార్సిలుకు లొంగేది కాదు. సంక్రాంతికి సెలవు దొరికితే ఇంకో వారం కలుపుకుని రండి, అప్పటికి మీ ఊళ్ళో పొయ్యిలు మండుతూనే ఉంటాయి.