బావిలో నేర్చిన ఈత మిషిగన్ సరస్సులో సరిపోతుందా?

మే నెలలో కడప నుంచో కర్నూలు నుంచో తల్లిదండ్రులు రాగానే, వాళ్లను మిషిగన్ సరస్సు మీద బోటు షికారుకు తీసుకువెళ్లవచ్చునా అని అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్లు నన్ను అడుగుతూ ఉంటారు. తప్పకుండా తీసుకువెళ్లండి. "మా నాన్నకు ఈత బాగా వచ్చు, ఆయనకు లైఫ్ జాకెట్ ఎందుకు" అన్న మాట మాత్రం అనకండి.

నేను అనంతపురం దగ్గర మా ఊరి దిగుడుబావిలో, నడుముకు ఎండిన సొరబుర్ర కట్టుకొని ఈత నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడికి వచ్చిన రెండో ఏట, మే చివరి వారంలో, బోటును రేవుకు కట్టబోయి కాలు జారి నీళ్లలో పడ్డాను. పైన ఎండ చక్కగా కాస్తున్నది కాని, నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్‌కు మించి లేవు. పడిన క్షణాన నా ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకొని ఊపిరి లోపలికి దూసుకుపోయింది. ఆ తరువాత ఎగశ్వాస తప్ప మరేమీ నా వశంలో లేదు. ఆ సమయంలో తల నీటిపైన ఉన్నదంటే అది నా ఈత వల్ల కాదు, లైఫ్ జాకెట్ వల్లనే.

మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి ప్రభావాలను పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీనిని 1-10-1 అనే లెక్కగా చెప్పారు. చన్నీళ్లలో పడిన మొదటి 1 నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి, తరువాతి 10 నిమిషాలు చేతులూ కాళ్లూ చెప్పిన మాట వినే వ్యవధి, ఆపైన స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అందుచేత పడగానే ఈదబోకుండా, వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడనిచ్చి, వేళ్లలో పట్టు ఉన్న ఆ పది నిమిషాలలోనే బోటు ఎక్కడానికి ప్రయత్నించాలి. బోటు బోల్తాపడినా దానిని వదలకుండా, వీలైనంత మేరకు దాని మీదికి ఎక్కాలి. ఒడ్డు కంటికి దగ్గరగా కనిపిస్తుంది, కాని దానిని నమ్మి ఈదుకుంటూ పోయినవారి చేతులు సగం దారిలోనే మొద్దుబారిపోతాయి.

బోటులో నిప్పు అంటుకొన్నప్పుడు చివరికి దిగవలసినదీ ఈ నీళ్లలోకే కనుక, రెండింటినీ కలిపి ఆలోచించాలి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది ఎగిరిపోకుండా బోటు అడుగున పేరుకొని, ఇంజను స్టార్టు చేసే నిప్పురవ్వకు అంటుకొంటుంది. పెట్రోలు పోయించేటప్పుడు అందరినీ రేవు మీదికి దింపండి. తరువాత ఇంజను గదిలో వాసన చూసి, ఆవిరిని బయటికి తోసే ఫ్యాను అయిన బ్లోయర్‌ను కనీసం 4 నిమిషాలు నడిపిన మీదటనే తాళంచెవి తిప్పండి. బోటు అద్దెకిచ్చేవారు తొందరపెట్టినా ఈ నాలుగు నిమిషాలను వదులుకోకండి.

మంట లేచిందంటే ముందుగా ఇంకా జాకెట్ తొడుక్కోనివారికి తొడిగించి, బోటును మంట గాలివాలు వైపుకు ఉండేటట్లు తిప్పి, ఇంజను ఆపాలి. ఇంజను గది మూత బార్లా తెరిస్తే గాలి తగిలి మంట పెరుగుతుంది. మంటలార్పే మందు చల్లడానికి చిన్న రంధ్రం ఉంటే దానిలో నుంచే చల్లాలి. ఆ మందు ఉండే చిన్న ఎక్స్‌టింగ్విషర్ పది సెకన్ల అటూ ఇటూగా ఖాళీ అయిపోతుంది గనుక, మంట కొసలకు కాక మొదలుకు గురిపెట్టాలి. రేడియో ఉంటే 16వ చానెల్‌లో ప్రాణాపాయాన్ని తెలిపే "మేడే" అన్న మాటను మూడుసార్లు పలికి, ఎక్కడ ఉన్నారో, ఎంతమంది ఉన్నారో చెప్పండి. లేకుంటే అత్యవసర నంబరు 911కు ఫోను చేయండి.

పైకి తీసినవారి విషయంలో మన ఇళ్లలోని అలవాటు ఒకటి ప్రమాదకరం. స్పృహ తప్పినవారికి అరచేతులూ అరికాళ్లూ రుద్దడం మనకు చిన్ననాటినుంచి తెలిసిన వైద్యం. చలికి బిగుసుకుపోయినవారికి అది చేయకూడదు. కాళ్లూ చేతులలోని చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకు చేరితే దాని లయ తప్పవచ్చు. ఒంటికి వెచ్చదనమని బ్రాందీ కూడా పట్టించకూడదు. కుదుపులు లేకుండా పడుకోబెట్టి, తడి బట్టలను లాగకుండా కత్తిరించి తీసి, పొడి దుప్పట్లు చుట్టి, ఛాతీకీ చంకలకూ మాత్రమే వెచ్చదనం తగిలేటట్లు చూస్తూ, లేచి నడుస్తానని పెద్దాయన పట్టుబట్టినా అంబులెన్సు వచ్చేదాకా కదలనివ్వకండి.