జైరో డేటా ఇచ్చినా వీడియో ఎందుకు ఊగుతోంది? గింబల్ కొనాలా?

వద్దు. గింబలూ (కెమెరాను మోటార్లతో నిలకడగా పట్టుకునే పరికరం) వద్దు, సాఫ్ట్‌వేర్ మార్చడమూ వద్దు. బెంగళూరు మారతహళ్లిలో పెళ్లి వీడియోలు, బైకు వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నవాణ్ణి. నా దగ్గరకు వచ్చే ఇలాంటి కేసులన్నీ దాదాపు సింక్ తప్పినవే, అంటే వీడియో సమయమూ, కెమెరా ఎంత తిరిగిందో కొలిచే జైరో సెన్సర్ సమయమూ కలవనివే.

మా పిన్ని కొడుకు తెల్లవారుజామున నంది కొండకు బైకు మీద వెళ్లి వీడియో తీశాడు. పాత కెమెరా, అందులో జైరో లేదు. ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో డ్రోన్లకు వాడే, జైరో ఉన్న బోర్డు ఒకటి కొని, హెల్మెట్ మీదున్న కెమెరాకు కదలకుండా బిగించాడు. అంతవరకు తెలివైన పనే. వీడియోనూ, బోర్డులోని జైరో డేటానూ జైరోఫ్లో అనే స్టెబిలైజేషన్ (ఊపు తగ్గించే) సాఫ్ట్‌వేర్‌లో వేసి, సింక్‌ను దానికే వదిలేస్తే, రోడ్డు పక్క చెట్లు నడుము దగ్గర విరిగినట్లు వంగిపోతున్నాయి. "అన్నా, పనికిరాని బోర్డు అంటగట్టాడు" అని షాపువాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు.

బోర్డు నిక్షేపంగా ఉంది. సాఫ్ట్‌వేర్ ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య బొమ్మ ఎంత తిరిగిందో చూసి ఒక గీత గీస్తుంది, జైరో చెప్పింది మరో గీత. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చునే దాకా జరుపుతుంది. అది ఎంచుకున్న చోటేమో కొండ కింద టికెట్ల వరుసలో బండి ఆగి ఉన్న సమయం! రెండు గీతలూ చదునుగా పడుకుని ఉన్నాయి. చదును గీతను ఎటు జరిపినా సరిపోయినట్లే కనిపిస్తుంది. ఆ పాయింటు తీసేసి, మొదటి మలుపులో ఒకటి, పైకి చేరే ముందు మలుపులో ఒకటి పెట్టాను. రెండు చోట్లా ఆఫ్‌సెట్ (వీడియోకూ జైరోకూ మధ్య సమయం తేడా) వేరుగా వచ్చింది. రావాలి కూడా, కెమెరా గడియారం వేరు, బోర్డు గడియారం వేరు. క్లిప్ సాగేకొద్దీ తేడా పెరుగుతుంది. చెట్లు నిటారుగా నిలబడ్డాయి.

పది మిల్లీసెకన్లు ఏం చేస్తాయిలే అనుకోకండి. తల సెకనుకు 100 డిగ్రీల వేగంతో తిరిగితే 10 మిల్లీసెకన్లలో ఒక డిగ్రీ తిరుగుతుంది. 3840 పిక్సెళ్ల వెడల్పున్న ఫ్రేము 90 డిగ్రీల మేర చూస్తుంటే, అది సుమారు 40 పిక్సెళ్ల తప్పు. పైగా చాలా కెమెరాలు ఫ్రేమును వరుస తర్వాత వరుసగా చదువుతాయి కాబట్టి ప్రతి వరుసకూ దాని సమయం కావాలి. సింక్ తప్పితే దిద్దుబాటే వంకర పుట్టిస్తుంది.

కెమెరాలోనే జైరో ఉంటే ఈ తంటా చాలావరకు ఉండదు, డేటా వీడియో ఫైల్లోనే దాగి ఉంటుంది. దాన్ని కూడా పాడుచేసే మహానుభావులున్నారు. మెసేజింగ్ యాప్‌లో పంపి "స్టెబిలైజ్ చెయ్యి బ్రదర్" అంటారు. యాప్ ఫైలును మళ్లీ కుదించినప్పుడే జైరో డేటా ఎగిరిపోయింది, ఇక నేనేం చేయను? ఇంకొందరు కెమెరాలో స్టెబిలైజేషన్ ఆన్ చేసి తీసుకొస్తారు. కెమెరా ఒకసారి జరిపిన బొమ్మను అసలు కదలికల లెక్కతో మళ్లీ జరిపితే ఊగక ఏమవుతుంది?

ఔటర్ రింగ్ రోడ్డు గుంతల్లో బండి పైకి లేచి కిందపడే కుదుపు మాత్రం జైరోకు పట్టదు, దానికి తెలిసింది తిరగడమే. అందుకు గింబల్ కూడా పెద్దగా పనికిరాదు. కార్పొరేషన్ వాళ్లు తారు వేయాలి.