సీసా మీద 20 అని ఉంది, లోపల ఎంతుందో తెలియదు: కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట, నా వయసు 24. సిగరెట్లు మానేద్దామని వేప్ (ఈ-సిగరెట్) మొదలుపెట్టాను. ఇన్‌స్టాలో పరిచయమైన ఒకతని దగ్గర, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ అని రాసి ఉన్న లిక్విడ్ ఎనిమిది సీసాలు తీసుకుని, ఫోన్‌లోనే 6,400 రూపాయలు కట్టాను. సీసాలు కొరియర్‌లో వచ్చాయి. మొదటి సీసాతో ఏ ఇబ్బందీ లేదు. రెండోది పది దమ్ములు లాగేసరికి కళ్లు తిరిగి, ఒళ్లంతా చెమటలు పట్టి, వాంతులయ్యాయి. రాత్రంతా ఆసుపత్రిలో ఉన్నాను. అతన్ని అడిగితే ‘బ్యాచ్ మారింది, తగ్గించి పీల్చు’ అన్నాడు. లండన్‌లో ఉన్న మా బావ, అక్కడైతే ఫిర్యాదు చేయొచ్చంటున్నాడు. వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా? మిగిలిన ఆరు సీసాలూ మా ఫ్రెండ్ కొంటానంటున్నాడు, ఇచ్చేయనా?
(పేరు రాయవద్దన్న పాఠకుడు)

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఇవ్వకండి. డబ్బు తీసుకుని ఇవ్వొద్దు, ఊరికే కూడా ఇవ్వొద్దు. 2019 నాటి ఈ-సిగరెట్ల నిషేధ చట్టం 4వ సెక్షన్ ప్రకారం అమ్మడం, పంచడం రెండూ నేరమే. పూర్తి వస్తువైనా, అందులో ఏ భాగమైనా సరే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. పైగా వాటిలో ఒక సీసా మిమ్మల్ని ఆసుపత్రి పాలు చేసిందని మీకు తెలుసు. తెలిసి ఇస్తే, రేపు మీ ఫ్రెండ్‌కు ఏమైనా అయితే విష పదార్థం విషయంలో నిర్లక్ష్యం చేశారని భారతీయ న్యాయ సంహిత 286 సెక్షన్ కూడా మీ మెడకు చుట్టుకుంటుంది. ఆరు సీసాల డబ్బు కోసం ఇంత తెచ్చుకోకండి.

ఇక మీరు కోర్టు అంటున్న వినియోగదారుల కమిషన్ సంగతి. లేబుల్ మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి పోస్తే మామూలు సరుకు విషయంలో అది స్పష్టమైన లోపమే, రెండేళ్లలోపు ఫిర్యాదు వేసుకోవచ్చు. మీ సరుకు మామూలుది కాదు. చట్టం నిషేధించిన వస్తువును కొనే ఒప్పందం, కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద పుట్టుకలోనే చెల్లదు. అదే చట్టం 65వ సెక్షన్‌లో డబ్బు వాపసు మాట ఉంది గానీ, అది ఒప్పందం చెల్లదని తర్వాత తెలిసినవాళ్లకు. నిషేధం 2019 సెప్టెంబరు 18 నుంచే అమల్లో ఉంది. నాకు చట్టం తెలియదన్న మాట కోర్టులో నిలవదు. ఆ 6,400 కోసం కేసు వేయమని నేను మీకు సలహా ఇవ్వలేను.

మీ బావ చెప్పింది అబద్ధం కాదు. బ్రిటన్‌లో వేప్ లిక్విడ్ అమ్మకం చట్టబద్ధం. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు, సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు, మామూలుగా వాడినప్పుడు ప్రతిసారీ ఒకే మోతాదు అందాలి అని అక్కడి నిబంధనల్లో రాసి ఉంది. కొలత చట్టంలో ఉంది కాబట్టి తప్పితే నిలదీయొచ్చు. మన దగ్గర మొత్తం వస్తువునే నిషేధించారు కాబట్టి కొలతే లేదు. మీ సీసా మీది 20 అనే అంకెను ఎవరూ పరీక్షించలేదు, దానికి ఎవరూ పూచీ పడలేదు.

తేడా ఎందుకొస్తుందో కూడా తెలుసుకోండి. చిక్కటి నికోటిన్‌ను గ్లిజరిన్ లాంటి ద్రవాల్లో కలిపి చిన్న సీసాల్లో పోస్తారు. సరిగా కలియతిప్పకపోతే ఒక సీసాలోకి పలచగా, ఇంకోదానిలోకి చిక్కగా దిగుతుంది. కొందరు శాతాల్లో రాస్తారు. 5 శాతం అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములని చాలామందికి తెలియదు. నికోటిన్ సాల్ట్ (ఆమ్లం కలిపిన నికోటిన్) రకమైతే గొంతులో మంట తక్కువ. ఎక్కువ లోపలికి పోతున్నా తెలియదు. నికోటిన్ లేదని లేబుల్ వేసిన ఈ-సిగరెట్ క్యాట్రిడ్జుల్లోనూ నికోటిన్ ఉందని 2009లోనే అమెరికా ఆహార, ఔషధ సంస్థ పరీక్షల్లో తేలింది.

గుంటూరువాళ్లకు ఇంతకంటే చెప్పాలా? పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మనది. పేనుబంకకు పొగాకు కషాయం కొట్టిన రైతును అడగండి, తడి ఆకు కోసిన రోజు తల ఎందుకు తిరుగుతుందో ఆయనే చెబుతాడు. అదే నికోటిన్, చర్మం గుండా కూడా ఎక్కుతుంది. మీ సీసాల్లో ఉన్నదీ అదే. చిన్నపిల్లలకు అందనివ్వకండి, చేతికి అంటితే వెంటనే కడుక్కోండి.

డబ్బు రాకపోయినా మీ చేతిలో ఏమీ లేదనుకోకండి. అమ్మినవాడి మీద పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇది కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు కేసు పెట్టగల నేరం, ఎస్సై ఆపై స్థాయి అధికారి సోదా చేసి సరుకు పట్టుకోవచ్చు. కొనుగోలుదారుగా కాకుండా ఒంటికి హాని జరిగిన మనిషిగా వెళ్లండి.

‘నన్నే పట్టుకుంటారేమో’ అన్న భయం మీకు ఉంటుంది. వ్యక్తి వాడటాన్ని ఈ చట్టం విడిగా నేరమని రాయలేదు. నిల్వ మాత్రం నేరం. తన ఆధీనంలోని చోట తెలిసి స్టాకు ఉంచనిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆరు సీసాలు స్టాకా, సొంత వాడకమా అన్న వాదన దాకా ఎందుకు? అవి మీ గదిలో ఎన్నాళ్లుంటే మీకు అంత ఇబ్బంది. స్థానిక న్యాయవాదిని వెంట తీసుకెళ్లి, ఫిర్యాదుతో పాటే అప్పగించి, పంచనామాలో సీసాల సంఖ్య రాయించండి. సింకులో పారబోయకండి, సాక్ష్యం పోతుంది. మిమ్మల్ని పడేసిన ఆ రెండో సీసా అన్నిటికంటే ముఖ్యం. మీరే ప్రైవేటు ల్యాబుకు పంపితే, మధ్యలో ఎవరు ఏం కలిపారో అంటాడు అవతలి లాయరు. పోలీసులే సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపాలి.

చాట్ తుడిచేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అది ఎలా తీసుకోవాలో మీ న్యాయవాది చెబుతారు. చెల్లింపు నంబరు, కొరియర్ కవరు దాచండి.

ఆసుపత్రి కేసు షీటు నకలు ఈ వారమే తీసుకోండి. నికోటిన్ రక్తంలోంచి గంటల్లోనే తగ్గిపోతుంది, ఇప్పుడు పరీక్ష చేయించినా ఆ రాత్రి సంగతి తేలదు. ఆ షీటులో వేప్ మాట లేకపోతే, డాక్టరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పి మీ మాటగా నమోదు చేయమని అడగండి. సిగరెట్ మానాలన్న మీ పట్టుదలను మాత్రం వదలకండి. లైసెన్సున్న నికోటిన్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది, దాని మోతాదుకు పూచీ ఉంది. 1800112356కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

స్టేషన్‌లో ఆసుపత్రి కాగితాల జిరాక్సులే ఇచ్చి, అసళ్లు మీ దగ్గర ఉంచుకుని, ఫిర్యాదు నకలు మీద స్టాంపు వేయించుకుని రండి.